విమానం వయసు కాదు, కడ్డీ వయసు అడగండి

సంపాదకులకు నమస్కారం.

పాతకాలపు చిన్న విమానం ఏదైనా సముద్రంలో కూలిందంటే ఆ వార్తలో మొదటి రెండు వాక్యాలు ఏమిటో చదవకముందే చెప్పేయవచ్చు. ‘ఎనభై ఏళ్ల నాటి విమానం’ అన్నది ఒకటి, ‘ఫలానా వారికి చెందినది’ అన్నది రెండోది. చదివినవాళ్లకు కారణం దొరికిపోయినట్టే ఉంటుంది: ముసలి విమానం, సరదా పడ్డ ఆసామి, కింద సముద్రం. పాత విమానాల మరమ్మతులు, తనిఖీలు, కాగితాలు చూసే పనిలో ఉన్నవాళ్లం మేము. ఆ రెండు వాక్యాల్లో మొదటిది చాలాసార్లు అసలు సంగతిని కప్పేస్తుంది. రెండోది నిజమో కాదో రాసినవారికే తెలియదు.

ముందు వయసు సంగతి. 2013 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో, సౌత్ స్ట్రాడ్‌బ్రోక్ దీవికి ఆనుకుని ఉన్న సముద్రంలో వీహెచ్-టీఎస్‌జీ అనే రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్న టైగర్ మాత్ పడింది. సరదా ప్రయాణానికి వచ్చిన ఒకరిని ఎక్కించుకుని పైలట్ గాల్లో విన్యాసాలు చేస్తుండగా రెక్క ఊడింది. ఇద్దరూ చనిపోయారు. టైగర్ మాత్ అంటే డి హావిలాండ్ కంపెనీ 1931లో మొదటిసారి ఎగరేసిన రెండంతస్తుల రెక్కల శిక్షణ విమానం. ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన పుస్ మాత్ కూడా ఈ కుటుంబానిదే. ‘పాత విమానం, రెక్క ఊడింది’ అని ఎవరైనా రాసేయవచ్చు. దర్యాప్తులో తేలింది వేరు.

టైగర్ మాత్ ఒంటి అడుగున అడ్డంగా, కుడి ఎడమల కింది రెక్కల మొదళ్లను కలిపి పట్టుకునే ఉక్కు కడ్డీలు రెండు ఉంటాయి. ఎగురుతున్నప్పుడు రెక్కలు, వాటిని బిగించిన తీగలు రెండు వైపులకూ లాగుతుంటే ఆ లాగుడు మోసేవి ఇవే. వీహెచ్-టీఎస్‌జీలో ఆ రెండు కడ్డీలూ మర దగ్గర, అంటే నట్టు ఎక్కే చుట్టల దగ్గర, విరిగాయి. విరిగిన చోట అంతకుముందే అలసట పగుళ్లు, అంటే పదేపదే లాగుడు పడి లోహంలో పుట్టేవి, పాకి ఉన్నాయి. ఆ కడ్డీలు 1930లవో 40లవో కావు. అసలు కంపెనీ చేసినవి కూడా కావు. తర్వాతి కాలంలో ఆస్ట్రేలియాలోనే, అక్కడి విమానయాన సంస్థ ఆమోదంతో తయారైన విడిభాగాలు. అలాంటి కడ్డీని 2,000 గంటలు ఎగిరాకగానీ 18 ఏళ్లు నిండాకగానీ, ఏది ముందైతే అప్పుడు, తీసి పారేయాలి. ఇవి ఆ గడువుకు చాలా ముందే పోయాయి. అంటే ఆ విమానంలో ప్రాణం తీసినది పాత భాగం కాదు, కొత్తగా వేసిన భాగం.

ఇందులో వింతేమీ లేదు. లాగుడు పడే ఏ కడ్డీలోనైనా మర అడుగున ఉండే సన్నని లోయే పగులుకు పుట్టిల్లు. ఆ లోయ అడుగు ఎంత గుండ్రంగా ఉంది, మరను కోశారా, ఒత్తి చేశారా, నట్టు సమంగా కూర్చుందా, కడ్డీ వంపు తిరిగి బిగుసుకుందా అన్న చిన్న చిన్న సంగతులను బట్టి దాని ఆయుష్షు పదింతలు మారవచ్చు. పైగా ఈ కడ్డీలు పైనుంచి చూస్తే కనపడవు. పగులు నట్టు లోపలే ఉంటుంది కాబట్టి తీసి, శుభ్రం చేసి, అయస్కాంత పరీక్షకు పెట్టాల్సిందే. రంగు బాగుంది, తుప్పు లేదు అని టార్చి వేసి చూసి సంతకం పెట్టడం తనిఖీ అనిపించుకోదు.

అందుకే మా మనవి: విమానం వయసు రాయండి, కానీ అక్కడ ఆగకండి. పాత విమానం బతికేదే భాగాల మార్పిడి మీద. మనిషి తాతే, పళ్లు మాత్రం నిన్న కట్టించుకున్నవి. ఇంజిన్‌ను చివరిసారి పూర్తిగా విప్పి బాగుచేసింది (ఓవర్‌హాల్) ఎప్పుడు, ఆ తర్వాత ఎన్ని గంటలు నడిచింది, రెక్కల మీద బట్ట ఏ ఏడాది కప్పారు, కడ్డీలు, తీగలు, గొట్టాలు ఎప్పుడు మార్చారు అని అడిగితే జవాబు వస్తుంది. రాకపోతే అదే వార్త.

వయసును నిజంగా పట్టించుకోవాల్సిన చోటు ఒకటుంది, చెక్క. ఆ కాలపు రెక్కల్లో ప్రధాన దూలం, అంటే స్పార్, స్ప్రూస్ చెక్కతో చేసేవారు. అతుకులకు పాల విరుగుడు నుంచి తీసిన కేసీన్ జిగురు. పొడిగా ఉన్నంతకాలం ఆ జిగురు దశాబ్దాలు నిలుస్తుంది. తడి తగిలి అలాగే ఉండిపోతే బూజు దాన్ని తినేస్తుంది. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి నిలిచిందంటే కుళ్లు మొదలయ్యేందుకు అదను దొరికినట్టే. రెక్క వెనక అంచున నీరు కారిపోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలుంటాయి. కొత్త బట్ట కప్పి రంగు వేసేటప్పుడు వాటిని తిరిగి తెరవడం మరిచిపోయారంటే నాలుగు వానలు చాలు, లోపల చెరువు. గట్టిగా నేలకు దిగిన విమానంలో స్పార్ మీద చెక్క పోగులకు అడ్డంగా వెంట్రుకవాసి గీతలు పడతాయి. ఎదురుగా వెలుతురు వేస్తే కనపడవు, టార్చిని పక్కవాటుగా పట్టుకుంటే నీడ కడుతుంది. చాలామంది ఈ గీతల్ని రంగు పగుళ్లనుకుంటారు.

ఇక ‘ఫలానా వారికి చెందినది’.

విమానాల రిజిస్టరులో ఉన్న పేరు సొంతదారుదే అని నమ్మడానికి లేదు. బ్రిటన్‌లో ఇచ్చే రిజిస్ట్రేషన్ పత్రం చట్టబద్ధమైన యాజమాన్యానికి రుజువు కాదు. అమెరికా చట్టమూ రిజిస్ట్రేషన్‌ను యాజమాన్యానికి సాక్ష్యంగా ఒప్పుకోదు. సొంతదారెవరో తెలియాలంటే అమ్మకపు పత్రాల వరస చూడాలి, ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎక్కడా తెగకుండా. మధ్యలో తాకట్టు ఉందా, తీరిందా అన్నది విడిగా వెతకాలి. అమెరికా రిజిస్టరులో ఎన్ అక్షరంతో మొదలయ్యే విమానాన్ని పెట్టుకోవాలంటే అక్కడి పౌరుడో శాశ్వత నివాసో కావాలన్నది మామూలు నిబంధన. అందుకే విదేశీయులు చాలామంది ట్రస్టు పేరిట నమోదు చేయిస్తారు. కాగితం మీద ట్రస్టీ, డబ్బు పెట్టినది ఇంకొకరు, రోజూ ఎగరేయించేది మరొకరు.

దీని వల్ల ఏమవుతుందో 2019 జనవరి 21 రాత్రి తెలిసింది. ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ప్రయాణిస్తున్న పైపర్ మాలిబు ఇంగ్లిష్ చానెల్లో గర్న్‌సీ దీవి సమీపాన కూలింది. 1984లో తయారైన విమానం, ఎన్264డీబీ అనే అమెరికా రిజిస్ట్రేషన్, ట్రస్టు పేరిట నమోదు. నడిపిన పైలట్‌కు రాత్రిపూట ఎగరడానికీ, డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికీ అర్హత లేదు. ఆ ప్రయాణం ఏర్పాటు చేసిన వ్యక్తికి 2021లో 18 నెలల జైలు శిక్ష పడింది. రిజిస్టరులో ఆ వ్యక్తి పేరు లేదు. ఇక విమానం ఎందుకు కూలిందంటే, అక్కడా వయసు కాదు జవాబు. సాలా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ 58 శాతం ఉంది. ఇంజిన్ పొగగొట్టం నుంచి కారిన వాయువు క్యాబిన్లోకి చేరి పైలట్‌నూ లోబరుచుకుని ఉంటుందని దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆపై అదుపు తప్పి, వేగం మితిమీరి, విమానం గాల్లోనే విడిపోయింది. చాలా విమానాల్లో డ్యాష్‌బోర్డు మీద నల్లబడే చుక్క ఉన్న అట్టముక్క అంటిస్తారు. చూస్తేనే తెలుస్తుంది, మత్తులోకి జారుతున్నవాడు చూడడు. మోత మోగే డిటెక్టర్ కావాలి.

కాబట్టి విలేకరి అడగాల్సినవి మూడు వేర్వేరు ప్రశ్నలు: రిజిస్టరులో ఎవరున్నారు, లాభనష్టాలు ఎవరివి, ఆ రోజు ఎగిరేందుకు నిర్ణయించింది ఎవరు. పాత విమానాల్లో ఇంకో చిక్కుంది. పది, ఇరవైమంది కలిసి వాటాలు వేసుకుని ఒక విమానాన్ని పెట్టుకోవడం మామూలు. వారిలో ఒకరి పేరు రాసి ‘యజమాని’ అంటే మిగిలినవాళ్లు బతికి ఉండగానే మాయమవుతారు.

పేర్లు, అక్షరాలు మారినా మారనిది కర్మాగారం వేసిన వరస సంఖ్య. 1944 జులై 31న అదృశ్యమైన రచయిత, పైలట్ సెంటెక్సూపెరీ విమానం శకలాలను 2000లో మార్సెయ్ దగ్గర సముద్రంలో ఒక గజ ఈతగాడు చూశాడు. 2003లో పైకి తెచ్చారు. అది ఆయనదేనని తేల్చింది రంగూ కాదు, రెక్కల మీది గుర్తులూ కాదు. లాక్‌హీడ్ వారు ఒక ముక్క మీద వేసిన 2734 అనే అంకె. అందుకే సముద్రంలోంచి వచ్చిన ఏ రేకునూ ముందు ఉక్కు బ్రష్‌తో రుద్దకూడదు. అంకె పోతే జాతకం పోయినట్టే. అయితే ఈ అంకె పలక మీద గుడ్డి నమ్మకమూ పనికిరాదు. పలక ఒక్కటే పాతది, దాని చుట్టూ కట్టింది మొత్తం కొత్తది అయిన విమానాలు ఉన్నాయి. అది నేరం కాదు, కానీ కొనేవారికి చెప్పాలి.

ఒక విమానం చరిత్ర ఎంత మెలికలు తిరుగుతుందో చూడాలంటే ఇంగ్లిష్ సాహస పైలట్ ఫ్రాన్సిస్ చిచెస్టర్ నడిపిన జిప్సీ మాత్ అనే చిన్న విమానం చాలు. 1929 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి బయలుదేరి మరుసటి నెలాఖరుకు సిడ్నీ చేరినప్పుడు దాని రిజిస్ట్రేషన్ గుర్తు జీ-ఏఏకేకే. ఓడలో న్యూజిలాండ్ చేరాక జెడ్‌కే-ఏకేకే అయింది. 1931 మార్చి 28న చక్రాల స్థానంలో తేలే పడవలు బిగించుకుని, న్యూజిలాండ్‌కూ ఆస్ట్రేలియాకూ మధ్య ఉన్న టాస్మన్ సముద్రం దాటడానికి బయలుదేరింది. మొదటి మజిలీ నార్‌ఫోక్ దీవి, రెండోది అక్కడికి దాదాపు 900 కిలోమీటర్ల దూరంలో లార్డ్ హోవ్ దీవి. ఇంజిన్ సుమారు 100 హార్స్‌పవర్, ఖాళీ బరువు చక్రాలతో అయితే నాలుగు క్వింటాళ్లకు కాస్త ఎక్కువ, రేడియో సాయం లేదు, నడిపేదీ, సెక్స్‌టెంట్ అనే కోణమాపక పరికరంతో సూర్యుడి ఎత్తు కొలిచేదీ ఒక్కరే.

ఆయన దారి పట్టిన పద్ధతి ఇప్పటికీ నేర్చుకోదగ్గది. దీవికి గురిపెట్టి వెళ్లి అది కనపడకపోతే కుడికి వెతకాలో ఎడమకు వెతకాలో తెలియదు. అందుకని కావాలనే ఒక పక్కకు తప్పి వెళ్లాడు. సూర్యుడి ఎత్తును బట్టి దీవి మీదుగా పోయే గీత ఎక్కడుందో లెక్కగట్టి, ఆ గీత తగలగానే తిరిగి దాని వెంటే పోయాడు. అప్పుడు దీవి ఏ వైపున ఉందన్న సందేహమే ఉండదు.

లార్డ్ హోవ్‌లో దిగిన రాత్రే గాలివాన వచ్చి, లంగరు వేసిన చోటే విమానం బోర్లాపడి మునిగింది. దీవిలో కర్మాగారం లేదు. దీవివాళ్లు, ఆయన కలిసి బయటికి లాగి, విడిభాగాలు ఓడ మీద వస్తుంటే, రెక్కల పక్కటెముకల నుంచి కట్టి, బట్ట కప్పి, ఇంజిన్ విప్పి ఉప్పు కడిగి, రెండు నెలలకు పైగా పని చేసి జూన్‌లో మళ్లీ ఎగరేశారు. ఆస్ట్రేలియా చేరాక జెర్విస్ బేలో యుద్ధనౌక మీదికి క్రేన్‌తో ఎత్తుతుంటే మళ్లీ దెబ్బ తగిలింది. బాగుచేసుకుని జపాన్ చేరితే, ఆగస్టులో కట్సుఉరా రేవు నుంచి పైకి లేస్తూ అడ్డంగా కట్టిన తీగల్లో చిక్కి కూలింది. పైలట్ తీవ్రంగా గాయపడి బతికాడు. తర్వాత తన పడవలకు ఆ విమానం పేరే పెట్టుకున్నాడు. 1966–67లో ఆయన ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన పడవ జిప్సీ మాత్ నాలుగు. రిజిస్టరు వరస చూసేవాడికి ఇలాంటి విమానంలో రెండు గుర్తులు, ఒక సొంతదారు కనపడతారు. మునగడం, సగానికి పైగా కొత్తగా కట్టడం లాంటివి లాగ్‌బుక్, అంటే విమానం ప్రయాణాలు, మరమ్మతులు రాసి ఉంచే పుస్తకం, చెప్పాలి. ఉప్పునీట మునిగిన విమానం లాగ్‌బుక్‌లో ఆ ముక్క లేకపోతే తర్వాత కొన్నవాడు ఏ అతుకునూ అనుమానించడు.

సముద్రం మీద ఇంజిన్ ఆగితే ‘సాంకేతిక లోపం’ అని రాస్తారు. చాలాసార్లు లోపమే ఉండదు. కార్బొరేటర్‌లో మంచు పేరుకుంటుంది. ఎండాకాలంలో మంచేమిటని నవ్వకండి. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, గాలి ఇరుకు గొంతులోంచి దూసుకుపోయేటప్పుడు ఉష్ణోగ్రత 20, 30 డిగ్రీలు పడిపోగలదు. బయట 25 డిగ్రీలున్నా తేమ గాలిలో మంచు కడుతుంది. సముద్రం మీద తేమకు కరువా? ఇంజిన్‌ను తగ్గించి మెల్లగా దిగుతున్నప్పుడు ఇది మరీ ఎక్కువ. తిరిగే వేగం కొద్దికొద్దిగా తగ్గుతుంది, పైలట్ తనకు తెలియకుండానే థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచే మీట) కొంచెం ముందుకు నెడతాడు, కాసేపటికి మళ్లీ అదే. వేడిగాలి మీట ఉన్న విమానంలో దాన్ని పూర్తిగా లాగాలి. కరిగిన నీరు ఇంజిన్‌లోకి పోయేటప్పుడు అది ఇంకా దగ్గుతుంది. ఇక్కడే చాలామంది భయపడి మీటను వెనక్కి నెట్టేస్తారు. నెట్టకూడదు, దగ్గు తగ్గేదాకా ఉంచాలి. కూలిన విమానాన్ని బయటికి తీసేసరికి ఆ మంచు ఉండదు కాబట్టి సాక్ష్యమూ ఉండదు.

ఇంజిన్ ఆగితే రెండంతస్తుల రెక్కల విమానం తన ఎత్తుకు స్థూలంగా ఏడు రెట్ల దూరమే జారగలదు. 600 మీటర్ల ఎత్తున ఉంటే నాలుగు కిలోమీటర్లు, ఎదురుగాలి ఉంటే అదీ లేదు. నీటి మీద దిగక తప్పదంటే, గాలి మరీ బలంగా లేనప్పుడు పెద్ద అలల శిఖరాలకు సమాంతరంగా దిగాలి, అలకు ఎదురుగా కాదు. తోక కిందికి ఉంచి, రెక్కలు సమంగా పట్టి, తక్కువ వేగంతో. అద్దంలా నిశ్చలంగా ఉన్న నీరే ప్రమాదం, ఎత్తు అంచనా అందదు. చక్రాలు మడవడానికి వీల్లేని విమానం నీటిని తాకగానే చక్రాలు పట్టేసి ముక్కు కిందికి గుచ్చుకుని బోర్లాపడటం మామూలు. దానికి ముందే సిద్ధం కావాలి. తలుపులున్న విమానమైతే నీటిని తాకకముందే గడి తీసి, మళ్లీ మూసుకోకుండా ఏదైనా అడ్డం పెట్టాలి. హెడ్‌సెట్ తీగ ఊడదీయాలి, అది మెడకు చుట్టుకుంటుంది. ఒక చేత్తో చట్రాన్ని పట్టుకుని, కదలిక పూర్తిగా ఆగాకే పట్టీ విప్పాలి. ముందే విప్పితే తలకిందులైన నీటిలో ఏది పైనో తెలియదు. లైఫ్ జాకెట్‌ను లోపల ఉండగా ఉబ్బించకూడదు, అది మనిషిని పైకి, అంటే బోర్లాపడిన విమానంలో ఇప్పుడు పైన ఉన్న అడుగుభాగానికి, అదిమేస్తుంది. తేలే తెప్పను వెనక అరలో కట్టేస్తే అది విమానంతోపాటే పోతుంది.

నీటిని తాకడాన్ని తట్టుకున్నవాళ్లను తర్వాత తీసుకుపోయేది చలి. 15 డిగ్రీల కన్నా చల్లని నీటిలో మొదటి నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు ముఖం నీటిలో ఉంటే అంతే. పది నిమిషాలకు వేళ్లు పని చేయవు. ఒళ్లు చల్లబడి స్పృహ పోవడానికి గంట దాకా పట్టవచ్చు. అంటే బీకన్ (ఆపదలో ఉన్నామని రేడియో సంకేతం పంపే పెట్టె) బటన్ నొక్కాల్సింది మొదటి పది నిమిషాల్లోనే. విమానానికి బిగించిన బీకన్ మునిగితే దాని సంకేతం నీటిని దాటి రాదు. ఒంటికి కట్టుకున్నదే పనికొస్తుంది. పాతకాలపు 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి వినడం మానేశాయి, ఇప్పుడు 406 మెగాహెర్ట్జ్‌ది ఉండాలి. యాజమాన్యం సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. 406 బీకన్‌లో ఒక కోడ్ ఉంటుంది, అది ఒక పేరుకు, ఫోన్ నంబరుకు నమోదై ఉంటుంది. విమానం అమ్మినప్పుడు ఆ నమోదు మార్చకపోతే రక్షణ కేంద్రం పాత సొంతదారుకు ఫోన్ చేస్తుంది. ఆయన ‘నా విమానం అమ్మేశానండీ’ అంటూ కొన్నవారి నంబరు వెతికేలోగా ఆ పది నిమిషాలు దాటిపోతాయి. మరో దేశం రిజిస్టరుకు మార్చినప్పుడు కోడ్‌ను కూడా తిరిగి రాయించాలి.

శకలాలు పైకి తెచ్చేవారికి ఒక మాట. నీటిలో ఉన్నంతకాలం నెమ్మదిగా తినే ఉప్పు, గాలి తగలగానే గంటల్లో తినడం మొదలుపెడుతుంది. మెగ్నీషియం మిశ్రమంతో చేసిన భాగాలు మొదట పోతాయి, తర్వాత అల్యూమినియం. ఇంజిన్‌ను ఒడ్డున ఎండబెట్టి ఫొటోలు తీయించకండి. వెంటనే మంచినీళ్ల తొట్టిలో ముంచి, విప్పేదాకా అందులోనే ఉంచండి. జీపీఎస్ పెట్టె, ఫోన్, కెమెరా లాంటివీ అంతే, మంచినీటిలోనే పంపాలి, ఆరబెట్టి స్విచ్ నొక్కి చూడకూడదు. లాగ్‌బుక్ దొరికితే పేజీలు విడదీయొద్దు, ఎండలో పెట్టొద్దు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే సిరా అలుక్కోకుండా, బూజు పట్టకుండా నిపుణులు వచ్చేదాకా ఆగుతుంది. అసలు లాగ్‌బుక్కులు విమానంలో పెట్టుకుని సముద్రం మీద ఎగరకూడదు. నేల మీద ఒక ప్రతి ఉంచేవాళ్లు ఎంతమందో మీ విలేకరులు కనుక్కుంటే బాగుంటుంది.

భవదీయులు,
పాత విమానాల నిర్వహణలో ఉన్న కొందరు ఇంజనీర్లు